రెండువందల పన్నెండు చప్పుళ్ళు

నమోదు 1. సోమవారం

దినచర్య పుస్తకంలో 'ఈరోజు జరిగిన పని' అని మూడు గీతలు కొట్టి ఇచ్చారు. ఒక రోజు పని మూడు గీతల్లో పట్టిందంటే ఆ రోజు పని జరగలేదన్నమాట. అందుకే నేను పక్క అంచుల్లోనూ, కిందా, అవసరమైతే అట్ట లోపల కూడా రాస్తాను. పైవాళ్ళెవరూ చదవరని నాకు గట్టి నమ్మకం.

పేరు గుబ్బల త్రిమూర్తులు. పొగడలంక మండల కార్యాలయంలో శబ్దాల గుమాస్తాను. బడి చదువు రెండో తరగతి. మిగతా చదువంతా పాత గెజెట్లు, రద్దయిన రైళ్ళ టైంటేబుళ్ళు, అట్టలు లేని పంచాంగాలు. అందువల్ల నాకు తెలిసినదానికి వరస ఉండదు.

ఇవాళ సర్వసభ్య సమావేశం. పదిన్నరకు మొదలై పదకొండుకు ముగిసింది. బందెలదొడ్డి కప్పు మరమ్మతు, సరే. కాలువలో గుర్రపుడెక్క తీయించడం, సరే. చప్పుళ్ళ కోతలు తొమ్మిది, సరే. అధ్యక్షురాలు జయప్రభావతిగారు చదవడం, సభ్యులు సరే అనడం, నేను టిక్కు కొట్టడం. ఈ లయ చెడితే సమోసాలు చల్లారిపోతాయని అందరికీ తెలుసు.

కోత పడిన చప్పుడు ఆగిపోదు, వినపడదు అంతే. వీధి వీధికీ నిలబెట్టిన చెవి స్తంభాలు దానికి ఎదురు చప్పుడు ఊది రెంటినీ చంపేస్తాయి. కొల్లివారి గ్రైండరు తిరుగుతూనే ఉంటుంది, పప్పు నలుగుతూనే ఉంటుంది, చెవికి మాత్రం ఏమీ ఉండదు. మొదట్లో తిరుగుతోందో లేదో అని చెయ్యి పెట్టి చూసినవాళ్ళు ఉన్నారు. ముగ్గురికి కుట్లు పడ్డాయి. మా తాత రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగి, రైళ్ళు ఆగిపోయిన ఏడు నిద్ర పట్టక వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన అరగంటకోసారి మంచం ఊపమని మందు రాశాడు. మా నాయనమ్మ ఆర్నెల్లు ఊపింది. ఆ సంగతి వేరు.

కోతకు నమూనా కావాలి. గుమాస్తా స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి, ఆ చప్పుడు వచ్చే సమయం దాకా కూర్చుని, నమూనా తీయాలని నిబంధన. ఆ నిబంధన రాసినవాడు నా మోకాళ్ళను చూడలేదు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. అర్జీదారు నా బల్ల దగ్గరికొచ్చి, ఆ చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించాలి. నేను స్తంభాలకు చప్పుళ్ళు నేర్పే మిషను మూత తీస్తాను, అది వింటుంది, నమూనా అయిపోతుంది.

అయితే పరువుగల మనిషి నలుగురి ముందు కుక్కలా మొరుగుతాడా? మొరగడు. ఆ ఇబ్బంది తీర్చడానికే మా వరండాలో నాంచారమ్మ ఉంది. పూర్వం అర్జీలు రాసిపెట్టేవాళ్ళు కూర్చున్న అరుగు మీదే కూర్చుంటుంది. చెప్పినవాళ్ళింటికి వెళ్ళి ఆ చప్పుడు ఒక్కసారి వింటుంది. వచ్చి మిషను ముందు దించేస్తుంది. జనరేటరు, గురక, బాతులు, తలుపు కీచు, తాగొచ్చిన అల్లుడు పడిపోయిన చప్పుడు, ఏదైనా సరే. ఎవరో ఒక బుట్ట వంకాయలు ఇస్తారు, ఎవరో ఒక అత్తం అరటిపళ్ళు ఇస్తారు. నాలుగేళ్ళలో ఆ నోటి మీదుగా రెండువందల పన్నెండు కోతలు పడ్డాయి.

అసలు నమూనాలు ఎన్ని తీశావని ఎవరైనా అడిగితే ఒక్కటీ లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నమోదు 2. మంగళవారం

జిల్లా నుంచి మిషనుకు కొత్త కూర్పు, అదే అప్‌డేటు, వచ్చింది. 'ఇకమీదట చప్పుడుతో పాటు చప్పుడు మూలాన్ని కూడా గుర్తించి నివారించును' అని కింద చిన్న అక్షరాలు. 'అంగీకరిస్తున్నాను' అనే మీట నొక్కి టీకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి పిల్లి వెంకటరత్నం అనే తాపీ మేస్త్రి నిలబడి ఉన్నాడు. పక్కింటివాళ్ళ బాతులు తెల్లారకుండా గోల చేస్తున్నాయట.

"ఆవిడ నిన్న వచ్చి విన్నారండి. కానివ్వండి మరి," అన్నాడు.

నాంచారమ్మ ముక్కు పుటాలు నొక్కుకుని మొదలుపెట్టింది. రెండు బాతులు వచ్చాయి. మూడో బాతు రాలేదు. నోరు కదులుతోంది, మెడ సాగుతోంది, గొంతులో నరం లేచి కనిపిస్తోంది. గదిలో ఏమీ లేదు.

వెంకటరత్నం నవ్వాడు. "బాతులు పడుకున్నాయేంటండీ?"

నేనూ నవ్వాను. ఆవిడ వేళాకోళాలు ఆడే మనిషే. తరవాత ఆవిడ గొంతు మీద చెయ్యి వేసుకుని మమ్మల్ని చూసింది. ఆ చూపు చూశాక నవ్వు ఎక్కడ ఆపాలో మాకు తెలియలేదు. బల్ల మీది గ్లాసు తీసి కింద కొట్టింది. గ్లాసు ఖంగుమంది. గ్లాసుకు చప్పుడు ఉంది, మనిషికి లేదు.

ఈ వాక్యం రాయడానికి పెన్ను రెండుసార్లు కింద పడింది.

నమోదు 3. బుధవారం

డాక్టరు నాంచారమ్మ నోట్లోకి టార్చి వేసి చూశాడు. గొంతు లేతగా, పాతికేళ్ళ పిల్లదాని గొంతులా ఉందట.

కార్యాలయానికి వచ్చేసరికి జిల్లా నుంచి అభినందన పత్రం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 'పొగడలంక మండలమునందు నమోదైన రెండువందల పన్నెండు శబ్ద ఫిర్యాదులకు మూలము ఒక్కటేనని గుర్తించడమైనది. సదరు మూలము నివారించబడినది. మండల సిబ్బంది కృషి ప్రశంసనీయము.'

మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి కూర్చున్నాను.

మండలంలో మొరిగిందీ, గురకపెట్టిందీ, జనరేటరు నడిపిందీ, తలుపులు కీచుమనిపించిందీ అంతా ఒకే ఆడమనిషి అని మిషను లెక్క తేల్చింది. దాని తప్పేముంది? దానికి నేను వినిపించింది ఆవిడనే.

రిక్షా కట్టించి ఆవిడను కాలువ వంతెన దాటించాను. అవతల వేరే మండలం, మన స్తంభాలు అక్కడితో ఆఖరు. రిక్షా దిగి పది అడుగులు వేసి దగ్గింది. దగ్గు వినపడింది! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ నావైపు తిరిగి అన్న మొదటి మాట ఇది:

"త్రిమూర్తులన్నయ్యా, నీ మోకాళ్ళు మండిపోను!"

"మండిపోనీ చెల్లెమ్మా. ఇంకా తిట్టు. గొంతు బాగుందిలే."

"తిట్లకేవుంది, తరవాత తిడతాను. ఇంటికాడ ఆయన నేను అలిగాననుకుంటన్నాడు. నిన్నట్నించి బతిమాలుతున్నాడు. నేనేం చెప్పను? ఎలా చెప్పను?"

ఆవిడ భర్త బుల్లబ్బాయి. పేరు బుల్లబ్బాయే గానీ డెబ్బయి దాటాయి. చూపు పోయి పదేళ్ళు, నడుం విరిగి మంచం పట్టి రెండేళ్ళు. అక్షరం రాదు, చేతిలో వేలితో రాసినా లాభం లేదు.

"మంచంతో సహా ఇక్కడికి మోయిస్తాను," అన్నాను.

"ఇవాళ మోస్తావు. రేపో? నీళ్ళు తాగుతావా అని అడగటానికి రోజూ మండలం దాటించాలా ఆయన్ని?"

తిరుగు ప్రయాణంలో వంతెన మధ్య దాకా తిడుతూనే వచ్చింది. సగం తిట్టులో ఆగిపోయింది. మిగతా సగం పెదాల మీద చూశాను.

నమోదు 4. గురువారం

వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి బుల్లబ్బాయి గోడవైపు తిరిగి మాట్లాడుతున్నాడు. నాంచారమ్మ ఇవతల పక్క నిలబడి ఉంది.

"నాంచారీ, నీ ఇత్తడి గంగాళం దొంగలెత్తుకుపోయారన్నాను చూడు. దొంగలు కాదే. నేనే అమ్మేశాను. ఆ ఏడు కోడిపందేలకి. ఇప్పటికైనా మాటాడు."

నాంచారమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ గంగాళం కోసం ముప్పయ్యేళ్ళుగా పక్కింటివాళ్ళతో మాటలు లేవట. ఇది తరవాత మళ్ళీ వంతెన దాటాక చెప్పింది.

"అది కాదా? అయితే మీ అన్న పెళ్ళికి రానని జ్వరం నటించినందుకా? అదీ ఒప్పుకుంటన్నాను."

నేను దగ్గి, పేరు చెప్పి, కూర్చుని, జరిగిందంతా విడమర్చి చెప్పాను. కొత్త కూర్పు, మూలం, స్తంభాలు, నా పద్ధతి, నా మోకాళ్ళు. ఆయన విని విని మెల్లిగా నవ్వాడు.

"మనిషిని కోస్తారేంటండీ ఎక్కడైనా? ఆవిడే పంపిందా మిమ్మల్ని రాజీకి?"

"లేదు బుల్లబ్బాయిగారూ. నిజం."

ఆయన నవ్వు ఆపాడు. తరవాత మరోలా మాట్లాడాడు. "మనిషి ఇంట్లో ఉందని నాకు తెలిసేది ఆ మాట వల్లేనండి. పొద్దున లేచింది మొదలు ఎవర్నో ఒకర్ని తిడతానే ఉంటది. ఇప్పుడు ఉన్నట్టుండి మీద చెయ్యి పడతాంది. ఎవరిదో అని ఉలిక్కిపడతన్నాను. నా పెళ్ళాం చేతికి నేను ఉలిక్కిపడటం ఏటండీ?"

నాంచారమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.



నమోదు 5. శనివారం

ప్రత్యేక సమావేశం పెట్టించాను. లేచి నిలబడి, నమూనాలన్నీ ఆవిడ గొంతువేనని, తప్పు పూర్తిగా నాదని చెప్పాను. రెండువందల పన్నెండు కోతలూ రద్దు చేస్తే ఆవిడ మూలం కాకుండా పోతుంది, మాట తిరిగి వస్తుంది. అంతే.

సభ నిశ్శబ్దమైపోయింది. కోత వేయని నిశ్శబ్దం.

"అంటే," అన్నాడు రెండో వార్డు సభ్యుడు కోరుకొండ పేరయ్య, "మా పక్కింటోళ్ళ జనరేటరు మళ్ళీ మొదలవుద్దా అండి?"

"మొదలవుతుంది."

"బాతులూ?"

"బాతులూ."

"ఆవిడకో పలకా బలపం ఇప్పించేద్దారండి," అన్నారు ఎవరో వెనకనుంచి. సానుభూతి తీర్మానం కూడా చేద్దామన్నారు మరొకరు.

జయప్రభావతిగారు నియమావళి తిరగేశారు. అర్జీదారు సభలో స్వయంగా నోటితో విన్నవించుకోవాలని ఉంది. నాంచారమ్మ లేచింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. గడియారం చూశాను కాబట్టి తెలుసు. చేతులు తిప్పింది, గుండె మీద కొట్టుకుంది, పేరయ్యను వేలుపెట్టి చూపించింది. కాసేపటికి అందరూ ఆవిడ ముఖం నుంచి చూపు దించుకుని చెప్పులు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ కూర్చున్నాక నియమావళి ప్రకారం నేను సభా పుస్తకంలో రాయాల్సిన వాక్యం ఇది: 'అర్జీదారు ఏమియు విన్నవించలేదు.'

రాశాను. నా చేత్తోనే రాశాను.

"రద్దు చేయాలనేవారు?" అన్నారు అధ్యక్షురాలు.

నేను ఒక్కణ్ణే సరే అన్నాను. గుమాస్తా సరేకు విలువ లేదు.

"వద్దనేవారు?"

వద్దు అని హాలు దద్దరిల్లింది. నేను నిర్ఘాంతపోయాను. పదహారుమంది సభ్యులు. పదహారుమంది అర్జీలూ నా రిజిస్టరులో ఉన్నాయి. పదహారుమంది ఇళ్ళకూ ఆవిడ నడిచి వెళ్ళి, వాళ్ళకు కంటిమీద కునుకు లేకుండా చేసిన చప్పుడు విని, వాళ్ళ బదులు ఈ బల్ల దగ్గర మొరిగింది, గురకపెట్టింది. ఆ గొంతు వాళ్ళు అరువు తెచ్చుకున్నదే.

తరవాతి అంశం బందెలదొడ్డిలో ఎవరివో తెలియని మేకలు మూడు. వేలం వేద్దామన్నారు. సరే.

నమోదు 6. సోమవారం

ఆదివారమంతా నియమావళి చదివాను. ఎవరూ చదవనివి చదవడం నాకు అలవాటే.

అసలు చప్పుళ్ళను మళ్ళీ నమూనా తీద్దామంటే అవన్నీ కోతలో ఉన్నాయి. కొల్లివారి గ్రైండరు పక్కన చెవి పెట్టినా ఏమీ లేదు. వంతెన అవతలనుంచి అదే రకం గ్రైండరు తెప్పించి బల్ల మీద తిప్పాం. మిషను ఒప్పుకోలేదు. 'పాత నమూనాతో సరిపోలేదు' అంది. నాంచారమ్మ గ్రైండరు ముందు అసలు గ్రైండరు ఓడిపోయింది. వెంకటరత్నం అది చూసి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

కానీ పంతొమ్మిదో నిబంధన ఉంది. 'నమూనాలో లోపమున్నచో గుమాస్తా తానే సవరించి అధ్యక్షుల సంతకముతో అమలుచేయవచ్చును.' అంటే, ఆవిడ చేసినట్టే మరో మనిషి చేసి, మిషను ఒప్పుకునేలా దించితే, నమూనా మారుతుంది. మూలం కూడా మారుతుంది.

తలా కొన్ని పంచుకుందామా అని వెంకటరత్నమే అడిగాడు, మంచివాడు. కుదరదు. ఒక్క నమూనా ఉన్నా మూలమే. ఎంతమంది పంచుకుంటే అంతమంది మూగ. ఒక్కడు చేస్తే ఒక్కడే.

ఎవరనేది నేను పెద్దగా ఆలోచించలేదు. ఆలోచిస్తే మానేస్తానని తెలుసు. నాకు ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు, బజార్లో నా మాట విననివాళ్ళు లేరు. మాట లేకపోతే నేనెవర్నో నాకు తెలియదు. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే వాళ్ళమీద ఫిర్యాదు రాసుకుంటాను. పగలగొట్టినవాడు అతికించాలి.

నమోదు 7. బుధవారం

నిన్న పొద్దుటినుంచి సాయంత్రం దాకా, ఇవాళ మళ్ళీ. నాకు మాట్లాడటం వచ్చుగానీ మొరగడం రాదని తెలిసింది.

మొదటి కుక్కకే మిషను ఇరవైసార్లు 'సరిపోలేదు' అంది. ఆవిడ బదులు నేనే చేస్తానని తెలిసినప్పుడు నాంచారమ్మ ముందు తల అడ్డంగా ఊపింది. చేతులు జోడించింది. రిజిస్టరు లాక్కుని మూసేసింది. నేను మళ్ళీ తెరిచాను. అలా నాలుగుసార్లు జరిగాక కూర్చుని ఏడ్చింది. తరవాత కొంగు నడుముకు చుట్టి నా ఎదురుగా నిలబడింది.

ఆవిడ పాఠం చెప్పిన తీరు జిల్లాలో ఏ మాస్టారికీ చేతకాదు. బాతుకు నా ముక్కు పట్టుకుంది. జనరేటరుకు నా పొట్ట మీద గుద్దింది. తలుపు కీచుకు నా దవడ పక్కకు లాగి పట్టుకుంది. ఎనభై ఎనిమిదో నమూనా కోరుకొండ పేరయ్యగారి మామగారి గురక. అది మాత్రం నాకు మొదటిసారే కుదిరింది. ఆవిడ చప్పుడు లేకుండా పడీ పడీ నవ్వింది.

నూట నలభై దగ్గర నా గొంతు బొంగురుపోయింది. ఆవిడ మిరియాల కషాయం తెచ్చింది. తాగి, తాగొచ్చిన అల్లుడు పడిపోయిన చప్పుడు చేశాను. ఆవిడ పెదవి విరిచింది. కుర్చీలోంచి నిజంగానే పడి చేశాను. మిషను ఒప్పుకుంది. మోకాలు వాచింది.

సాయంత్రం సవరణ పత్రం జయప్రభావతిగారి ముందు పెట్టాను. బందెలదొడ్డి కాగితాల మధ్య.

"ఇదేంటండీ?" అన్నారు.

"నమూనాల సవరణండి."

"మామూలుదేనా?"

"మామూలుదేనండి."

ఆవిడ ఏ కాగితానికీ కళ్ళజోడు పెట్టుకోవడం నేను చూడలేదు. దీనికి పెట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు. నావైపు ఒకసారి చూశారు. సంతకం చేసి, కాగితం బోర్లించి ఇచ్చారు. ఆ చెయ్యే శనివారం వద్దనేవారిని లెక్కపెట్టింది మరి.

నమోదు 8. గురువారం

పదకొండుకు సవరణ అమలు మీట నొక్కాను.

చివరి మాట ఏం మాట్లాడాలా అని రెండు రోజులు ఆలోచించి ఒకటి సిద్ధం చేసుకున్నాను. బాగానే ఉండేది. తీరా నొక్కే వేళకు మిరియాల కషాయం ముక్కుకెక్కి తుమ్మాను. తుమ్ము సగమే వినపడింది. మిగతా సగం ఈ పుస్తకంలో కూడా లేదు.

"అన్నయ్యా!" అంది నాంచారమ్మ. తన గొంతు తనకే కొత్తగా తగిలి ఆగింది. "అన్నయ్యా, మాటాడు. ఒక్క మాట."

నోరు తెరిచాను. అరిచానని నాకు తెలుసు, ఛాతీ అదిరింది. అరుపు నా పళ్ళ దాకా వచ్చి లేకుండా పోయింది. సిద్ధపడే చేశాను కదా, ఇంత ఉలికిపాటు ఎందుకో తెలియలేదు. నీళ్ళు చల్లగా ఉంటాయని తెలిసినా కాలువలో దూకినప్పుడు గుండె ఆగుతుంది, అలాంటిది. ఈ పోలిక ఎవరికైనా చెబుదామని చుట్టూ చూశాను.

ఆవిడ ముందు నడిచింది, వెనక నేను. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. మాట అరిగిపోతుందన్నట్టు దాచుకుని నడిచింది. గుమ్మం దాటి మంచం దగ్గరికి వెళ్ళి, చెయ్యి వేయకుండా నిలబడింది.

"ఏవయ్యా, నీళ్ళు తాగావా?"

బుల్లబ్బాయి కదలలేదు. గోడవైపే ఉన్నాడు.

"ఇప్పుడా మాటాడేది?" అన్నాడు చివరికి. "నా గుట్టంతా నాచేతే చెప్పించేశాకా?"

"గంగాళం అమ్ముకుంది కాక నా మీద విసురా? ముప్పయ్యేళ్ళు ఆ పక్కింటి మహాతల్లిని దొంగని చేసి తిట్టాను కదయ్యా! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పలకరించను? జ్వరమంట, మా అన్న పెళ్ళికి! తడిగుడ్డలు వేసింది ఎవరనుకున్నావు..."

పది నిమిషాలు. ఒక్క చోట ఆగలేదు. ఆయన ఇటు తిరిగి పడుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఇన్నేళ్ళలో ఒక మనిషి మాట్లాడుతుంటే మధ్యలో నేను అందుకోకుండా విన్నది ఇదే మొదలు.

బల్లి చప్పుడుకో, నా చెప్పుల చప్పుడుకో ఆయన తల ఎత్తాడు.

"గుమ్మంలో ఎవరో ఉన్నారే. ఎవరండీ అది?"

నేను నోరు తెరిచాను.

"ఎవరండీ?"

నాంచారమ్మ నావైపు తిరిగింది. పెదాలు కదిలాయి గానీ ఏమీ రాలేదు. ఈసారి ఏ స్తంభమూ ఆపలేదు.

"పలకరేంటండీ?" ఆయన గొంతులో భయం మొదలైంది. ఎవరున్నారో తెలియని చోటికి ఒక చెయ్యి చాపి గాలిలో వెతకసాగాడు.

నేను వెళ్ళి ఆ చేతిలో చెయ్యి పెట్టాను. ఆయన ఉలిక్కిపడ్డాడు.